మూత్రంలో మంట 8 నెలల్లో 4 సార్లు: మాత్ర వేస్తే తగ్గుతుంది, రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ

అనంత_అక్క (అనంతపురం)

మా చెల్లెలి గురించి. వయసు 24, పెళ్లై ఏడాది దాటింది. ఉండేది అనంతపురంలో, తాడిపత్రి వైపు ఒక బడిలో టీచరు. ఉదయం 7:30కి బస్సెక్కితే ఇల్లు చేరేది సాయంత్రం 5:30కి. బడిలో బాత్రూముకు గొళ్లెం పడదు, నీళ్లుండవు. అందుకని పగలంతా నీళ్లు తాగడమే మానేసింది.

ఆగస్టు నుంచి మార్చి లోపల 4 సార్లు వచ్చింది. మూడుసార్లు నార్‌ఫ్లాక్సాసిన్, ఒకసారి సిప్రోఫ్లాక్సాసిన్, మూడేసి రోజులు. వాటితోపాటు మంటకు సిట్రేట్ సిరప్. అన్నీ మందుల షాపులో అడిగి తెచ్చినవే. నాలుగోసారి మాత్రలు మొదలుపెట్టిన రెండో రోజు కల్చర్‌కి (మూత్రంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఇస్తే 'నో గ్రోత్', అంటే క్రిమి పెరగలేదు అన్నారు, పస్ సెల్స్ (చీము కణాలు) మాత్రం 15–20 ఉన్నాయి. జ్వరం ఎప్పుడూ రాలేదు. అమ్మ 'వేడి చేసింది' అంటుంది, ఇంట్లో సబ్జా, బార్లీ నడుస్తున్నాయి.

ఇది ఇన్‌ఫెక్షనేనా, వేడేనా? క్రిమి లేదని రిపోర్టు వస్తే మరి మంట ఎందుకు? ఈసారి వస్తే మొదట ఏం చేయాలి?

కడప_గైనిక్

6 నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే పదేపదే వచ్చే యూటీఐ (మూత్రంలో ఇన్‌ఫెక్షన్) అంటాం. మీ చెల్లెలు ఆ లెక్క దాటేసింది. కాకపోతే ఆ నాలుగింటిలో ఒక్కటీ కల్చర్‌తో తేలలేదు. మీ దగ్గరున్న అసలు లోటు అదే, మందు కాదు.

క్రిమి ఎక్కడిదో కాదు, ఎక్కువ మందిలో మన పేగుల్లో ఉండే ఈ.కోలైయే. ఆడవాళ్లకు మూత్రనాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే, మలద్వారం పక్కనే ఉంటుంది. కలయికప్పుడు నాళం ముఖం దగ్గరున్న క్రిములు లోపలికి తోసుకుపోతాయి. కొత్తగా పెళ్లైనవాళ్లలో ఇది ఎక్కువ కనబడేది అందుకే. దీన్ని శుభ్రత లేకపోవడానికి అంటగట్టకండి. భర్త అంటించిందీ కాదు, ఆయనకు మంట గానీ, చీము గానీ ఉంటే తప్ప ఆయనకు మాత్రలు అక్కర్లేదు. ఇద్దరికీ కలిపి కోర్సు రాయించుకునే అలవాటు కొందరికి ఉంది, దాంతో ఒరిగేదేమీ లేదు. డెట్టాల్ కలిపిన నీళ్లు, సువాసన వాష్‌లు వాడుతుంటే ఆపేయమనండి. యోనిలో కాపలా కాసే లాక్టోబాసిల్లస్ అనే మంచి క్రిమి చనిపోతే ఈ.కోలైకి దారి దొరుకుతుంది. వీర్యకణాలను చంపే క్రీములు, జెల్లీలతోనూ అదే ఇబ్బంది.

అమ్మ మాటలో కొంత నిజం ఉంది. చెమట ఎక్కువై నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి మండుతుంది. ఆ మంట నాలుగు గ్లాసుల నీళ్లు తాగితే పూటలో పోతుంది. యూటీఐలో అట్లా కాదు. ఇప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ పోవాలనిపిస్తుంది, కూర్చుంటే రెండు చుక్కలు, పొత్తికడుపులో నొక్కినట్టు నొప్పి, ఒక్కోసారి రక్తం కూడా. ఇక దురద, తెల్లబట్ట ఉండి, మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు మాత్రమే మండితే అది ఫంగస్ అయి ఉండొచ్చు. యాంటీబయాటిక్ వల్ల వచ్చిన ఫంగస్‌ను యూటీఐ అనుకుని ఇంకో యాంటీబయాటిక్ మింగడం మన దగ్గర రోజూ జరిగేదే.

'నో గ్రోత్' గురించి: మాత్ర మొదలయ్యాక తీసిన మూత్రంలో క్రిమి పెరగకపోతే ఆశ్చర్యం లేదు. మాత్రలేవీ వాడకుండా తీసినప్పుడు కూడా పస్ సెల్స్ ఉండి క్రిమి పెరగకపోతే అప్పుడు వేరే దారి వెతకాలి: క్లమీడియా (కలయికతో అంటే ఇన్‌ఫెక్షన్), రాయి, మూత్రకోశ క్షయ. క్షయ అనుమానమైతే వరుసగా మూడు రోజులు తెల్లవారి మొదటి మూత్రం పంపాలి.

ఈసారి కల్చర్‌తోపాటు ఫాస్టింగ్ షుగర్, కడుపు స్కాన్ చేయించండి. మూత్రం పోసొచ్చాక మూత్రపు సంచిలో ఎంత మిగిలిందో కూడా చూడమని స్కాన్ చీటీలో రాయించుకోండి. నెల తప్పిందేమో అన్న అనుమానం ఏ కొంచెమున్నా ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్, తర్వాతే మాత్ర. చలి జ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ల్యాబులు, ఫోరమ్‌లు అని చూడకుండా అదే రోజు ఆస్పత్రికి పోవాలి. అది మూత్రపిండానికి ఎక్కిందన్నమాట.

ల్యాబ్_టెక్_అనంతపురం

శాంపిల్ దగ్గరే సగం కల్చర్లు చెడిపోతాయి, కాబట్టి వివరంగా రాస్తున్నా.

డబ్బా ల్యాబ్ ఇచ్చే స్టెరైల్‌దే కావాలి. ఇంట్లో మరిగించిన సీసా పనికిరాదు. చేతులు సబ్బుతో కడుక్కుని, కింద మాత్రం ఉత్త నీళ్లతో కడుక్కోవాలి. రెండు పెదవులను వేళ్లతో విడదీసి పట్టుకుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను 20–30 మిల్లీలీటర్లు పట్టాలి. చివరిది అక్కర్లేదు. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. పీరియడ్స్ ఉంటే ముందుగా చెప్పాలి.

తర్వాతది మన ఊరి సమస్య. సరైన వెచ్చదనంలో ఈ.కోలై దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే గంటకు 8 రెట్లు, రెండు గంటలకు 64 రెట్లు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకొచ్చిన శాంపిల్‌లో పది క్రిములు వేలైపోతాయి, ఆ రిపోర్టు చూసి డాక్టరు మోసపోతారు. గంట, రెండు గంటల్లో ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో 4 డిగ్రీల దగ్గర పెట్టండి, 24 గంటలు ఆగుతుంది. ఫ్రీజర్‌లో వద్దు.

రిపోర్టులో 'మిక్స్‌డ్ గ్రోత్' (రకరకాల క్రిములు పెరిగాయి) అని, ఎపితీలియల్ సెల్స్ (పైపొర కణాలు) ఎక్కువ అని ఉంటే చర్మం మీది క్రిములు కలిశాయని అర్థం. దాన్ని పట్టుకుని మందు మొదలుపెట్టకుండా మళ్లీ శాంపిల్ ఇవ్వండి. స్ట్రిప్ టెస్ట్‌లో (మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ) నైట్రైట్, అంటే క్రిములు తయారుచేసే పదార్థం, నెగెటివ్ వచ్చినా ఇన్‌ఫెక్షన్ లేదని కాదు. మూత్రం సంచిలో దాదాపు 4 గంటలు నిలిస్తేనే ఆ మార్పు బాగా కనబడుతుంది, కొన్ని క్రిములు నైట్రైట్‌ను అసలు తయారుచేయవు.

కర్నూలు_మందులషాపు

షాపోళ్లను తిట్టేదానికి ఇక్కడ శానా అవకాశం ఉంది, నిజమే. నార్‌ఫ్లాక్స్, సిప్రో చీటీ లేకుండా ఇయ్యకూడని మందులే. సమస్య ఒక్క చీటీ లేకపోవడమే కాదు. ఈ రెండూ ఒకే జాతి మందులు. ఒకదానికి లొంగని ఈ.కోలై చాలాసార్లు రెండోదానికీ లొంగదు. మందు మార్చినామనుకుంటారు, మారింది పేరొక్కటే. ఇంకోటి, సిప్రోతో పాటు పాలు, ఐరన్, కాల్షియం, గ్యాస్ ద్రావకం తీసుకుంటే మాత్ర ఒంటికి సరిగా పట్టదు.

ఇక సిరప్ సంగతి. సిట్రేట్ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది. యూటీఐకి ఇచ్చే ఇంకో యాంటీబయాటిక్ నైట్రోఫ్యురాంటోయిన్ బాగా పనిచేసేది ఆమ్ల మూత్రంలో. రెండూ కలిపి రాసిన చీటీలు నెలకు ఎన్నో వస్తుంటాయి. ఆ రెండూ ఒకే చీటీలో కనబడితే డాక్టర్నో, షాపాయన్నో ఒక మాట అడగల్ల.

నైట్రోఫ్యురాంటోయిన్ 100 మిల్లీగ్రాముల ఎస్సార్ (మెల్లగా కరిగే) మాత్ర పొద్దున, రాత్రి అన్నం తిన్నాక, 5 రోజులు. మూత్రం ముదురు పసుపుగా, గోధుమరంగుగా వస్తే భయపడొద్దు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నోళ్లకు, కిడ్నీ పనితీరు బాగా తగ్గినోళ్లకు, నెలలు నిండిన గర్భిణికి పనికిరాదు. ఫాస్ఫోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే 3 గ్రాముల పొడి ఒక్కసారే. చల్లటి నీళ్లలో కలిపి, పరగడుపున గానీ, తిన్న రెండు మూడు గంటల తర్వాత గానీ, రాత్రి మూత్రం పోసొచ్చి తాగి పడుకోవల్ల. వేడినీళ్లలో కలపొద్దు. మంటకు ఇచ్చే ఫెనజోపిరిడిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగు అవుతుంది, స్ట్రిప్ టెస్ట్ రంగులు తప్పు చూపిస్తాయి. దాన్ని రెండు రోజులకు మించి వాడొద్దు.

అనంత_అక్క

12 రోజుల తర్వాత రాస్తున్నా. ఐదోసారి వచ్చింది, ఈసారి ఏ మాత్రా వేసుకోకముందే కల్చర్ ఇచ్చాం. ఈ.కోలై, మిల్లీలీటరుకు 10,000 కాలనీలు. కింద 'లక్ష కంటే తక్కువ, ప్రాముఖ్యం లేదు' అని రాశారు. నార్‌ఫ్లాక్స్, సిప్రో ఆర్ (క్రిమి లొంగదు). నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, మెరోపెనెమ్ ఎస్ (లొంగుతుంది). స్కాన్‌లో రాయి లేదు, షుగర్ మామూలే, గర్భం లేదు. షాపులో అమికాసిన్ ఇంజెక్షన్ వేయించుకుంటే 'వేళ్లతో సహా పోతుంది' అంటున్నారు.

కడప_గైనిక్

లక్ష లెక్కను లక్షణాలున్న ఆడపిల్లకు అట్లాగే పెట్టకూడదు. లక్షణాలు ఉండి, ఒకే రకం క్రిమి పెరిగితే 1,000 కూడా లెక్కలోకి వస్తుంది. ఇది ఇన్‌ఫెక్షనే. నైట్రోఫ్యురాంటోయిన్ 5 రోజులు చాలు, మీ డాక్టరుకు రిపోర్టు చూపించి రాయించుకోండి. రిపోర్టులో మెరోపెనెమ్‌కు ఎస్ ఉందంటే అది వాడమని కాదు, అది ఆస్పత్రిలో ప్రాణం మీదకొచ్చినప్పుడు వాడేది. అమికాసిన్ చెవులకు, కిడ్నీకి చేటు చేయగలదు. సంచి వరకే ఉన్న ఇన్‌ఫెక్షన్‌కు దాంతో పనేముంది?

మంట పోతే మళ్లీ కల్చర్ చేయించొద్దు. లక్షణాలు లేకుండా క్రిమి కనబడితే మందు ఇవ్వకూడదు, గర్భిణికి తప్ప. మంట రెండు వారాల్లోపు అదే క్రిమితో తిరిగొస్తే మాత్రం మొదటిది పూర్తిగా చావలేదని అనుమానించాలి.

రాకుండా చూసుకోవడంలో గట్టి ఆధారం ఉన్నది నీళ్లకే. 2018లో వచ్చిన పరిశోధనలో రోజుకు 1.5 లీటర్ల లోపు తాగే 140 మంది స్త్రీలను తీసుకుని సగం మందికి ఇంకో 1.5 లీటర్లు అదనంగా తాగించారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు వస్తే, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. మీ చెల్లెలు సరిగ్గా ఆ కోవలోని మనిషే. కలయిక తర్వాత మూత్రం పోయడానికి అంత ఆధారం లేదు, కానీ నష్టమూ లేదు. క్రాన్‌బెర్రీ కొంత పనిచేస్తుంది, అయితే సీసాల్లో అమ్మే తియ్యటి రసం కాదు. డీ-మానోస్ (ఒక రకం చక్కెర పొడి) మీద డబ్బు పెట్టొద్దు, 2024లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో అది మందు లేని ఉత్త పొడి కంటే మెరుగని తేలలేదు.

నీళ్లతో రెండు మూడు నెలలు చూడండి. అయినా ఆగకపోతే మెథెనమైన్ హిప్పురేట్ 1 గ్రాము రోజుకు రెండుసార్లు. ఇది యాంటీబయాటిక్ కాదు కాబట్టి క్రిమి మొండికెత్తడం తక్కువ. 2022లో బ్రిటన్‌లో చేసిన ఆల్టార్ ట్రయల్‌లో రోజువారీ యాంటీబయాటిక్‌కు ఇది తీసిపోలేదని తేలింది. దీనితో కూడా సిట్రేట్ సిరప్ వద్దు. ఎప్పుడూ కలయిక తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంటే, కలిసిన రోజు మాత్రమే ఒక నైట్రోఫ్యురాంటోయిన్ 50 లేదా 100 వేసుకునే పద్ధతి ఉంది. రోజూ రాత్రి నెలల తరబడి వాడటం నేను చివరిదాకా ఆపుతాను. వాడితే పొడిదగ్గు, ఆయాసం, కాళ్లలో తిమ్మిరి వచ్చిన రోజే ఆపి డాక్టరును కలవాలి. పిల్లల కోసం చూస్తున్నారా లేదా అన్నది ఈ మందులన్నిటికీ ముందు చెప్పాల్సిన మాట.

నర్సు_అనంతపురం

బస్సు, బడి ఉన్న మనిషికి 'మూడు లీటర్లు తాగు' అంటే జరిగే పని కాదు అక్కా. లేవగానే రెండు గ్లాసులు, 7:30 బస్సుకు ముందు ఒకసారి పోసి రావాలి. బడికి చేరాక ఒక అరలీటరు సీసా ఇంటర్వెల్ లోపల, ఇంకోటి మధ్యాహ్నం భోజనం దగ్గర, మూడోది 3 గంటలకు. మజ్జిగ, బార్లీ నీళ్లు ఈ లెక్కలోకే వస్తాయి, అమ్మను ఆపొద్దు. ఇంటికొచ్చాక ఇంకో లీటరు, పడుకునే గంట ముందు ఆపేస్తే నిద్ర చెడదు. మూడు నాలుగు గంటలకోసారి పోవాలి, రంగు లేత పసుపులో ఉండాలి.

తాగాక పోయే చోటు లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. గొళ్లేనికి, ఒక మూత బకెట్‌కు, మగ్గుకు కలిపి అయ్యేది ఒక కల్చర్ ఖర్చు కంటే తక్కువే. బడిలో మిగతా టీచరమ్మలను కూడగట్టి హెడ్‌మాస్టర్‌ను అడగమనండి. వాళ్లూ నీళ్లు మానేసే ఉంటారు.