రౌటర్ 192.168.1 ఇవ్వాలి, డివైస్‌లకు 192.168.0 వస్తోంది. ఎవరు ఇస్తున్నారు?

ప్రశ్న

మెయిన్ రౌటర్ అడ్రస్ 192.168.1.1. డీహెచ్‌సీపీ (డివైస్‌లకు అడ్రసులు పంచే ఏర్పాటు) రేంజ్ 192.168.1.100 నుంచి 192.168.1.119 వరకు, లీజ్ (ఇచ్చిన అడ్రస్ గడువు) 7 రోజులు. లోపలి గదుల్లోకి సిగ్నల్ అందడం లేదని ఒక పాత రౌటర్‌ని రెండోదిగా పెట్టి, మెయిన్ రౌటర్ లాన్ (ఇంటి నెట్‌వర్క్ వైపు) పోర్ట్ నుంచి దాని లాన్ పోర్ట్‌కి కేబుల్ వేశాను. రెండోదానిలో వైఫై పేరు, పాస్‌వర్డ్ తప్ప ఇంకేమీ మార్చలేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి, ఫోన్లకి అప్పుడప్పుడు 192.168.0.103 లాంటి అడ్రస్ వస్తోంది. వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది కానీ నెట్ రాదు. మెయిన్ రౌటర్ పక్కనే కూర్చున్నా ఇదే వరస. డివైస్‌ల లిస్ట్‌లో పేరు లేనివి కూడా కొన్ని ఉన్నాయి. ఒకదాని మ్యాక్ (డివైస్ హార్డ్‌వేర్ అడ్రస్) 36:91తో మొదలవుతుంది, ఇంకొకటి ఎస్‌ప్రెసిఫ్ అని చూపిస్తోంది. వాన్ (ఇంటర్నెట్ వైపు కనెక్షన్) స్టేటస్‌లో 100.72తో మొదలయ్యే అడ్రస్ ఉంది. బయటివాళ్లెవరైనా మా వైఫైలోకి దూరారా? మ్యాక్ ఫిల్టర్ పెడితే ఆగుతుందా?

మొదటి జవాబు

192.168.0 సంగతి ముందు చూద్దాం, నెట్ పోవడానికి కారణం అదే. మీ ఇంట్లో ఇప్పుడు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్లు రెండున్నాయి. లాన్ నుంచి లాన్‌కి కేబుల్ వేస్తే రెండు రౌటర్లూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి. డివైస్ "నాకు అడ్రస్ కావాలి" అని నెట్‌వర్క్ మొత్తానికీ వినబడేలా అడుగుతుంది, చాలావరకు ముందు పలికినవాళ్ల అడ్రసే తీసుకుంటుంది. మెయిన్ రౌటర్ పక్కన కూర్చున్నా తేడా లేకపోవడానికి కారణం ఇదే. రెండో రౌటర్ అడ్రస్‌తో పాటు గేట్‌వేగా (బయటికి వెళ్లే దారిగా) తన పేరే, అంటే 192.168.0.1 చెబుతుంది. దాని వాన్ పోర్ట్ ఖాళీగా ఉంది కాబట్టి అక్కడికి వెళ్లిన ట్రాఫిక్‌కి బయటికి దారి లేదు.

ఖాయం చేసుకోవాలంటే నెట్ రాని సమయంలో విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టండి. డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుసలో 192.168.0.1 కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. తర్వాత ఏఆర్‌పీ -ఏ కొడితే ఆ అడ్రస్ ఎదురుగా మ్యాక్ కనిపిస్తుంది. రెండో రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉన్నదానితో పోల్చండి. వైఫై, లాన్ మ్యాక్‌లకి చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ ఉండటం మామూలే.

సరిచేసేటప్పుడు వరుస తప్పకండి, తప్పితే రౌటర్ పేజీ తెరుచుకోక తిప్పలు పడతారు. రెండు రౌటర్ల మధ్య కేబుల్ తీసేయండి. ల్యాప్‌టాప్ వైఫై ఆపి, కేబుల్‌తో రెండోదానికి మాత్రమే కలిపి 192.168.0.1 తెరవండి. ముందు దాని లాన్ అడ్రస్‌ని 192.168.1.2 చేసి సేవ్ చేయండి. ఇది మీ రేంజ్‌కి బయట ఉంది కాబట్టి మెయిన్ రౌటర్ ఇంకెవరికీ ఇవ్వదు. రీస్టార్ట్ అయ్యాక కేబుల్ తీసి పెట్టి 192.168.1.2 తెరవండి, డీహెచ్‌సీపీ ఆపేయండి. ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చే దిక్కు ఉండదు, అప్పుడు 192.168.1.10, మాస్క్ 255.255.255.0 అని చేత్తో పెట్టుకోవాల్సి వస్తుంది. ఇదంతా అయ్యాక మళ్లీ లాన్ నుంచి లాన్‌కి కేబుల్ వేయండి, వాన్ పోర్ట్ ఖాళీగానే ఉంచండి.

పాత అడ్రస్ పట్టుకున్న డివైస్‌లు దాన్ని వెంటనే వదలవు. లీజ్ సగం గడిచినప్పుడు కూడా ఇచ్చిన సర్వర్‌నే వెతుకుతాయి. అందుకని ఒక్కోదానిలో వైఫై ఆపి ఆన్ చేయండి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, తర్వాత ఐపీకాన్ఫిగ్ /రెన్యూ.

రెండో జవాబు

పేరు లేనివాటి గురించి. 36:91లో రెండో అక్షరం 6. ఆ స్థానంలో 2, 6, ఎ, ఈ ఉంటే అది ఫ్యాక్టరీలో వేసిన మ్యాక్ కాదు, డివైస్ సొంతంగా తయారుచేసుకున్నది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగానే ఇలా చేస్తాయి. మీ ఫోన్లలో వైఫై నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే వాడుతున్న మ్యాక్ కనిపిస్తుంది, పోల్చుకోండి. ఎస్‌ప్రెసిఫ్ అనేది వైఫై చిప్ తయారుచేసే కంపెనీ. మ్యాక్‌లో మొదటి 24 బిట్లు చాలాసార్లు చిప్ చేసినవాళ్లవే, పెట్టె మీద బ్రాండ్‌వి కావు. స్మార్ట్ బల్బ్, స్మార్ట్ ప్లగ్ ఏదైనా ఉంటే కరెంట్ తీసి, లిస్ట్‌లో ఏది పోయిందో చూడండి.

మ్యాక్ ఫిల్టర్ వద్దు. మ్యాక్ గాలిలో దాపరికం లేకుండా పోతుంది, కాపీ కొట్టడం తేలిక. మ్యాక్ మార్చుకునే మీ సొంత డివైస్‌లే బయట ఉండిపోతాయి. ఎవరిదో తేలనిది ఒక్కటి మిగిలినా రెండు రౌటర్లలోనూ వైఫై పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే పద్ధతి) ఆపి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3 పెట్టండి. ఆ తర్వాత కనిపించేవన్నీ మీరు కొత్త పాస్‌వర్డ్ ఇచ్చినవే అయి ఉంటాయి.

100.72 గురించి కంగారు అక్కర్లేదు. 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామందికి పంచేందుకు 2012లో కేటాయించినది. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లోని డివైస్‌ని చేరే ఏర్పాటు) మాత్రం పనిచేయదు.

ప్రశ్న అడిగినవారు

అన్నీ చెప్పినట్టే చేశాను. 192.168.0 పూర్తిగా పోయింది, ఎస్‌ప్రెసిఫ్ స్మార్ట్ ప్లగ్‌దే. కానీ నిన్నటి దాకా కనెక్ట్ అవుతున్న టీవీ ఇప్పుడు 169.254.38.12 చూపిస్తోంది. కేబుల్ మార్చినా అంతే. రెండో రౌటర్‌లో ఏదైనా పాడు చేశానా?

మూడో జవాబు

మీరేమీ పాడు చేయలేదండీ. 169.254 అంటే డివైస్ అడిగితే ఏ సర్వర్ నుంచీ జవాబు రాక తనకు తానే పెట్టుకున్న అడ్రస్. ముందు కేబుల్‌ని అనుమానించాలి, అది మీరు చూసేశారు. నాకు మీ రేంజ్ మీద అనుమానం. 100 నుంచి 119 అంటే 20 అడ్రసులే. మెయిన్ రౌటర్ దగ్గర ఖాళీ లేనప్పుడు ఇన్నాళ్లూ రెండో రౌటర్ పలికేది, ఆ కొరత కనిపించకుండా పోయింది. ఇప్పుడది ఆగింది కాబట్టి బయటపడింది. లీజ్ లిస్ట్‌లో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. ఒకే పేరు పదే పదే వస్తోందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు

సరిగ్గా 20 ఉన్నాయి. రెండు ల్యాప్‌టాప్‌ల పేర్లు ఒక్కోటి ఏడుసార్లు, మ్యాక్ మాత్రం ప్రతిసారీ వేరు.

మూడో జవాబు

అయితే దొరికింది. విండోస్ వైఫై సెట్టింగ్స్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అని ఉంటుంది, ఆ రెండింటిలో అది రోజూ మారేలా పెట్టి ఉంది. రోజుకో కొత్త మ్యాక్, ఒక్కోదానికి 7 రోజుల లీజ్. వాడని అడ్రసులు కూడా గడువు తీరేదాకా కట్టేసి ఉంటాయి. ఇంటి నెట్‌వర్క్ వరకు దాన్ని ఆఫ్ చేయండి, బయటి వైఫైలకి ఉంచుకోవచ్చు. రేంజ్‌ని 192.168.1.50 నుంచి 192.168.1.249 చేయండి, 200 అడ్రసులవుతాయి. లీజ్ 24 గంటలకు తగ్గించండి. ప్రింటర్ లాంటిదానికి చేత్తో అడ్రస్ పెట్టి ఉంటే అది 50 కంటే కింద ఉండేలా చూడండి, లేకపోతే పెద్ద రేంజ్‌తో కొత్త గొడవ మొదలవుతుంది. సేవ్ చేశాక మెయిన్ రౌటర్‌ని, తర్వాత టీవీని రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న అడిగినవారు

టీవీకి 192.168.1.57 వచ్చింది. ప్రింటర్ 192.168.1.105లో చేత్తో పెట్టి ఉంది, దాన్ని 192.168.1.20కి మార్చాను.