కల్చరల్ నైట్: బారిష్నికోవ్ సెగ్మెంట్ ఎలా చేద్దాం?

కల్చరల్ టీమ్:
అందరికీ నమస్తే. పిల్లల డాన్సులయ్యాక ఉన్న పది నిమిషాల టాక్ బాలే డాన్సర్, సినిమా నటుడు మిఖాయిల్ బారిష్నికోవ్ మీదే ఖాయం చేసేద్దాం. మన పిల్లల్లో కూచిపూడి వాళ్ళూ ఉన్నారు, బాలే వాళ్ళూ ఉన్నారు, డాన్స్ చేస్తే సినిమాల్లోకి వెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళకైతే లెక్కే లేదు.

స్క్రిప్ట్ డ్రాఫ్ట్ చదివాను, రాసినవాళ్ళు బాగా కష్టపడ్డారు, కానీ సగం పైన 1974లో టొరంటో టూర్‌లో సోవియట్ ట్రూప్‌ని వదిలేసి వెళ్ళిపోయిన కథే ఉంది. అది రెండు ముక్కల్లో చెప్పేసి అంతకు ముందు సంగతికి టైమ్ ఇద్దాం. 1948లో రీగాలో పుట్టాడు, 1964లో లెనిన్‌గ్రాడ్ వచ్చి వగనోవా బాలే స్కూల్లో అలెగ్జాండర్ పుష్కిన్ దగ్గర చేరాడు, ఇంకో పేరున్న బాలే డాన్సర్ నూరేయెవ్‌కి కూడా గురువు ఈ పుష్కినే. పొట్టి మనిషి, రాజకుమారుడి వేషాలకి ఎత్తు సరిపోదేమోనన్న దిగులుండేది, అలాంటిది 1967లో కిరోవ్ బాలే కంపెనీలోకి నేరుగా సోలోయిస్ట్‌గానే తీసుకున్నారు.

ఇంకోటి, డ్రాఫ్ట్‌లో "డాన్స్ తర్వాత నటన" అని హెడ్డింగ్ ఉంది, దయచేసి అది తీసేయండి. 'ద టర్నింగ్ పాయింట్' సినిమా 1977లో వచ్చింది, సపోర్టింగ్ యాక్టర్‌గా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది, అప్పటికి అమెరికన్ బాలే థియేటర్ అనే డాన్స్ కంపెనీలో మంచి ఊపు మీదున్నాడు. ఆ మరుసటి ఏడాది హాలీవుడ్‌లో సెటిల్ అవ్వకుండా న్యూయార్క్ సిటీ బాలే కంపెనీకి వెళ్ళి కొరియోగ్రాఫర్ బాలన్‌షీన్ దగ్గర ఇంకో స్టైల్ నేర్చుకోడానికి కూర్చున్నాడు! మన పిల్లలకి తెలియాల్సింది ఇదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. 1980 నుంచి 1989 దాకా అమెరికన్ బాలే థియేటర్ డైరెక్టర్, 1985లో 'వైట్ నైట్స్' సినిమా చేసింది ఆ బాధ్యతలో ఉండగానే. చాలా ఏళ్ళకి టీవీ సిరీస్‌లో చేసిన రష్యన్ ఆర్టిస్ట్ వేషం ఒక్క లైన్‌లో చాలు, చిన్నపిల్లలుంటారు కదా.

స్టేజ్ టీమ్:
అక్కా, 'వైట్ నైట్స్'లో పదకొండు రూబుళ్ళ పందెం మీద వరసగా పదకొండు పిరూయెట్లు, అదే ఒంటికాలి మీద గిరికీలు, తిరుగుతాడే, ఆ క్లిప్ వేద్దామా?

కల్చరల్ టీమ్:
పర్మిషన్ లేకుండా హాల్లో వెయ్యలేం తమ్ముడూ, మాటల్లో చెప్పి మన బాలే పాప చేత ఒక్క పిరూయెట్ చేయిద్దాం. ఒళ్ళు తిరుగుతున్నా చూపు ఎదురుగా ఒకే పాయింట్ మీద నిలిపి, ఇక ఆగదు అన్నప్పుడు తల గిర్రున తిప్పి మళ్ళీ అదే పాయింట్ పట్టుకుంటారు, అది నెమ్మదిగా చూపిస్తే పదకొండంటే ఏంటో వాళ్ళకే తెలుస్తుంది.

కూచిపూడి టీచర్ గారు:
దాని పక్కనే మా పిల్ల అరమండి చూపిస్తుందమ్మా. బాలేలో ప్లియే అనే భంగిమలో కూడా మోకాళ్ళు అలాగే పక్కలకి వంగుతాయి, కాకపోతే మనం అందులోనే ఉండి పాదం నేలకి కొడతాం, వాళ్ళు అక్కణ్ణుంచి పైకి లేస్తారు. ఇద్దరూ కలిపి రెండు నిమిషాలు చాలు.

స్టేజ్ టీమ్:
సూపర్ టీచర్ గారూ. స్టేజ్ నున్నగా ఉంది, కాలు జారకుండా డాన్స్ మ్యాట్ నేను చూస్తాను. మైక్ స్టాండ్ పక్కకి జరుపుతా, తిరగడానికి చోటుండాలి. స్క్రిప్ట్ ఎవరు తిరగరాస్తున్నారో ఇక్కడే చెప్పండి.