మలుపుల్లో ఏది నమ్మకంగా ఉంటుంది: ఈ-టైపా, పాత 911-ఆ?

జాగ్వార్ ఈ-టైప్ (4.2 లీటర్ల ఇంజిన్‌ది), 1969కి ముందు నాటి పోర్షే 911 కార్లు రెండూ నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. లెక్కల్లో చూస్తే జాగ్వార్‌దే పైచేయి: కంపెనీ చెప్పింది 265 హార్స్‌పవర్, తొలి 911కి 130. కానీ నాకు వేగం కన్నా మలుపులే ముఖ్యం. 911లో ఇంజిన్ వెనకుంటుంది కదా, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకి మారి, వెనక టైర్లు పట్టు తప్పి జారతాయంటారు. అది తగ్గించడానికే 1969 మోడల్‌కి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 57 మిల్లీమీటర్లు పెంచారు కూడా. పాతదానితో నిజంగా అంత టెన్షనా, అలవాటైతే పోతుందా? ఈ-టైప్‌కి ముందు భాగం అంత పొడవు, ఇరుకు మలుపుల్లో తిప్పడం కష్టమా? ముఖ్యంగా తడి రోడ్డు మీద దేన్ని నమ్మొచ్చు?