మూడుసార్లు చదివినా అడిగితే గుర్తు రావట్లేదు. మీరెలా చదువుతారు?

పచ్చసిరా:
ఫిజియాలజీ పరీక్షకి ఇంకా 26 రోజులుంది. కిడ్నీ చాప్టర్ మూడుసార్లు చదివాను. పుస్తకం కళ్లముందు ఉన్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. నిన్న ఫ్రెండ్ "నెఫ్రాన్‌లో నీళ్లు ఎక్కువ భాగం ఎక్కడ తిరిగి ఇంకుతాయి?" అని అడిగింది (నెఫ్రాన్ అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న భాగం). ఎడమ పేజీలో కింద, పసుపు హైలైటర్ గీసిన చోట ఉందని గుర్తొచ్చింది కానీ జవాబు రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది. రోజుకి ఏడెనిమిది గంటలు కూర్చుంటున్నాను, బద్ధకం కాదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఎలా బయటపడ్డారు?

కాగితంపడవ:
రెండేళ్లు నాదీ ఇదే కథ. పేజీ గుర్తుండటం, విషయం గుర్తుండటం ఒకటి కాదండీ. మళ్లీ మళ్లీ చదివితే ఆ పేజీ మనకి అలవాటైపోతుంది, ఆ అలవాటునే "వచ్చేసింది" అనుకుంటాం.

నేను చేసేది చెప్తాను. ఒక టాపిక్ చదివి పుస్తకం మూసేస్తాను. తెల్లకాగితం తీసుకుని గుర్తున్నదంతా నీలం పెన్నుతో రాస్తాను, బొమ్మలతో సహా. ఇక రావట్లేదు అనిపించాక కూడా ఇంకో రెండు నిమిషాలు ఆగుతాను, ఒక్కోసారి అప్పుడే ఏదో ఒకటి తడుతుంది. తర్వాత పుస్తకం తెరిచి వదిలేసినవి, తప్పు రాసినవి ఎర్ర పెన్నుతో నింపుతాను. మర్నాడు చదివేది ఆ ఎరుపు ఒక్కటే.

దీనిమీద అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తుచేసుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే వాళ్లకి గుర్తున్నది సుమారు 40 శాతం, రాసినవాళ్లకి 61 శాతం. నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇంకొకటి ఉంది: వారం తర్వాత బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లే!

రెండోషిఫ్టు:
పచ్చసిరా తల్లీ, ముందు కంగారు పడకు. 26 రోజులు తక్కువేం కాదు. నేను ఉద్యోగం చేసుకుంటూ, పాప పడుకున్నాక చదివి డిపార్ట్‌మెంట్ పరీక్ష పాసయ్యాను. రోజుకి గంటన్నర కంటే దొరికేది కాదు. నన్ను గట్టెక్కించింది చిట్టీల పెట్టె.

లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చెప్పుల డబ్బాని అట్టముక్కలతో ఐదు గదులు చేశాను. చిట్టీకి ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. కొత్త చిట్టీలన్నీ మొదటి గదిలో ఉంటాయి, వాటిని రోజూ చూడాలి. జవాబు చెప్పగలిగితే చిట్టీ రెండో గదిలోకి వెళ్తుంది. అది రెండ్రోజులకోసారి, మూడోది నాలుగు రోజులకి, అలా ఎడం పెరుగుతూ పోతుంది. తప్పితే మాత్రం ఏ గదిలో ఉన్నా మళ్లీ మొదటి గదికే. దానివల్ల వచ్చినవాటి మీద టైమ్ పోదు, రానివి తప్పించుకోలేవు.

చిట్టీ రాయడంలో ఒక్క జాగ్రత్త. మొదట్లో ఒక్కోదాని వెనక పేరాలకి పేరాలు రాసేదాన్ని, సగం చెప్తే వచ్చినట్టా రానట్టా తేలేది కాదు. ఒక చిట్టీకి ఒకే ప్రశ్న, జవాబు ఒక వాక్యం. "నెఫ్రాన్ గురించి రాయండి" అని చిట్టీ చేస్తే పనికి రాదు. నిన్న నీ ఫ్రెండ్ అడిగింది చూడు, అలాంటి ప్రశ్న కావాలి.

గుణింతం:
లెక్కలున్న సబ్జెక్ట్‌కి నా అనుభవం. చాప్టర్ వారీగా అన్నీ కరెక్టుగా చేసేవాణ్ణి. పేపర్లో లెక్క చూస్తే అది పర్ముటేషనా, కాంబినేషనా తెలిసేది కాదు. కారణం తర్వాత అర్థమైంది. చాప్టర్ పేరే నాకు సగం జవాబు చెప్పేస్తోంది, పరీక్షలో ఆ పేరుండదు. అప్పట్నుంచి నాలుగు చాప్టర్ల లెక్కలు కలిపేసి చేస్తున్నాను. లెక్క మొదలుపెట్టే ముందు ఏ పద్ధతో, ఎందుకో పక్కన ఒక ముక్క రాస్తాను.

ఇలా చేస్తే ప్రాక్టీసులో తప్పులు పెరుగుతాయి, భయపడి ఆపెయ్యొద్దు. 2007లో రోరర్, టేలర్ అనేవాళ్లు ఘనపరిమాణాల లెక్కలతో పరీక్షించారు. ప్రాక్టీసులో ఒకే రకం వరసగా చేసినవాళ్లకి 89 శాతం, కలిపి చేసినవాళ్లకి 60 శాతం ఒప్పులు. వారం తర్వాత వరసగా చేసినవాళ్లు 20కి పడిపోయారు, కలిపి చేసినవాళ్లు 63 దగ్గర నిలబడ్డారు.

వేకువ:
కాగితంపడవ గారి మాటకి ఒక చిన్న సవరణ. అసలు అర్థమే కాని పాఠం మీద తెల్లకాగితం పెట్టుకుంటే ఏమీ రాదు, మనసు విరిగిపోతుంది. ముందు నెమ్మదిగా చదివి, ఎవరితోనైనా చెప్పించుకుని, "ఇది ఎందుకిలా" అన్నది తేల్చుకోవాలి. తెల్లకాగితం దాని తర్వాత.

ఇంకొకటి, నిద్ర తగ్గించకండి. ఒకసారి తెల్లవార్లూ మేలుకుని పరీక్షకి వెళ్లాను. అంతకు ముందు వారం రోజులు బాగా వచ్చిన నిర్వచనమే పెన్ను పట్టుకుంటే రాలేదు. చదివింది స్థిరపడాలంటే నిద్ర కావాలి.

పచ్చసిరా: (9 రోజుల తర్వాత)
అందరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు. మొదటి రోజు కిడ్నీ మీద తెల్లకాగితం పెడితే ఏడు లైన్లు నీలం, మిగతాదంతా ఎరుపు. మూడు రోజులు దిగులుగానే ఉంది. నిన్న నాలుగోసారి రాశాను. ఎరుపు మూడు చోట్లే పడింది, అందులో రెండు హార్మోన్ల పేర్లు. ఫ్రెండ్ అడిగిన ప్రశ్నకి జవాబు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (నెఫ్రాన్‌లో వడపోత అయ్యాక వచ్చే మొదటి గొట్టం), దాదాపు మూడింట రెండు వంతుల నీళ్లు అక్కడే. చూడకుండా రాస్తున్నా! 84 చిట్టీలయ్యాయి, రెండో గదిలోకి 50 దాకా వెళ్లాయి.

అక్కా, ఇంకా 17 రోజులుంది. రెండు చాప్టర్లు అసలు ముట్టుకోలేదు. అవి మొదలుపెట్టనా, చదివినవే గట్టి చేసుకోనా?

రెండోషిఫ్టు:
రెండూ చెయ్యి, కానీ పొద్దున్నే చిట్టీలు. అవి అయ్యాకే కొత్త చాప్టర్. పాత ప్రశ్నపత్రాలు తీసి, ఆ రెండు చాప్టర్ల నుంచి ఎన్ని మార్కులకి వస్తున్నాయో ముందు లెక్కేసుకో. ఎక్కువ వచ్చేదానితో మొదలుపెట్టు. చివరి మూడు రోజులు కొత్తది ఏదీ ముట్టుకోకు. ఒక పాత పేపర్ గడియారం పెట్టుకుని మొత్తం రాయి, ఎరుపు ఎక్కడ పడిందో ఇక్కడ పెట్టు, చూద్దాం.