అప్‌డేట్: మేక మళ్లీ కుమ్మింది

1996 నాటి బ్రోకెన్ స్వోర్డ్ అనే కంప్యూటర్ అడ్వెంచర్ గేమ్ సీడీ పాడైంది, కొత్తగా ఏమన్నా వచ్చిందా అని అడిగాను కదా. మీరు చెప్పిన రీఫోర్జ్‌డ్ (అదే గేమ్‌కి 2024లో వచ్చిన కొత్త బొమ్మల రూపం) పూర్తి చేశా. ఒక్క బటన్ నొక్కితే పాత బొమ్మలు వచ్చేస్తాయి. మొదటి గంటంతా కథ వదిలేసి ఆ బటనే నొక్కుతూ కూర్చున్నా! ప్యారిస్ కేఫ్ పేలే సీన్ అప్పట్లో ఇంత మసగ్గా ఉండేదా? నా జ్ఞాపకంలో మాత్రం తళతళలాడుతోంది.

ఆటలో ఐర్లండ్ వెళ్లినప్పుడు అడ్డొచ్చి కుమ్మే మేక దగ్గర మళ్లీ ఇరుక్కున్నా. ఎన్నిసార్లు కుమ్మించుకున్నానో లెక్కలేదు. ఇన్నేళ్లయినా బుద్ధి రాలేదు, నాకే.

తర్వాత 2015 గ్రిమ్ ఫాండాంగో రీమాస్టర్, అంటే ఇంకో పాత గేమ్‌కి మెరుగులు దిద్దిన రూపం. అయినా మెరుగులు దిద్దితే సరిపోదు నాకు. 2022లో మంకీ ఐలాండ్ గేమ్ సృష్టికర్త రాన్ గిల్బర్ట్ తిరిగొచ్చి దాని కొత్త భాగం తీశాడే, అలాంటిది కావాలి. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.