అప్‌డేట్: పైపు పంచ్‌తో బిళ్లలు ఇప్పుడు సైజుకు వస్తున్నాయి

ఇనప పైపు ముక్కకు పదును పెట్టి, గాస్కెట్ల (అతుకుల మధ్య లీకు రాకుండా పెట్టేవి) కోసం అట్ట, ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ) బిళ్లలు కొడుతుంటే అంచులు చిరుగుతున్నాయని, 20 మి.మీ. రంధ్రమున్న పైపుతో కొట్టినా బిళ్ల 21 దాకా వస్తోందని అడిగాను గుర్తుందా?

తప్పు నాదే. పదును లోపలి వైపు పెట్టాను. అప్పుడు కోసే అంచు పైపు బయటి కొలతకు జరిగిపోతుంది, బిళ్ల పెద్దదవుతుంది, పైగా లోపలికి నలిగి గిన్నెలా వంగుతుంది. ఏటవాలు బయటి వైపుకు మార్చాను. పైపులో బిగువుగా చెక్క మేకు దిగ్గొట్టి, ఆ మేకును డ్రిల్లు చక్‌లో (బిట్‌ను పట్టే భాగంలో) పట్టించి, తిరుగుతుండగా ఆకురాయి ఆనించా (ఆకురాయికి పిడి లేకుండా ఈ పని చేయకండి). చివర్న లోపల ఎమెరీ కాగితంతో నునుపు చేశా.

పైపును కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుందన్న సలహా మాత్రం పనిచేయలేదు. మామూలు మైల్డ్ స్టీల్‌లో కార్బన్ తక్కువ, అది గట్టిపడదు. ఒక సాయంత్రం పొగ పీల్చింది తప్ప ఫలితం లేదు. నాలుగు అట్టలకోసారి సానపెట్టుకుంటున్నా.

కొట్టేటప్పుడు అట్ట కింద పెట్టే ఇనప రేకు తీసేసి, నారలు నిలువుగా ఉండేలా కోసిన చెక్క దిమ్మ పెట్టాను. ఫెల్ట్‌కు సుత్తి పనికిరాదు, దెబ్బకు అణిగి మళ్లీ ఉబ్బుతుంది. రెండు అట్టల మధ్య పెట్టి, ఆపేసిన డ్రిల్ ప్రెస్ (స్టాండుకు బిగించిన డ్రిల్లు) లివర్‌తో మెల్లగా నొక్కుతున్నా.

పైపు పక్కన గాడి కోశాక ఇరుక్కున్న బిళ్లలు తోసేయడం తేలికైంది. కార్క్ ఒక్కటే ఇంకా పొడిపొడిగా రాలుతోంది.