1929 'స్కెలిటన్ డాన్స్': ఈ కార్టూన్ ఎవరిదని చెప్పాలి?

రీలుపెట్టె:
నిన్న రాత్రి మా అబ్బాయితో 'ద స్కెలిటన్ డాన్స్' మళ్ళీ చూశాను. డిస్నీ 'సిల్లీ సింఫనీస్' వరసలో మొదటిది, అయిదున్నర నిమిషాల నలుపు తెలుపు కార్టూన్. అర్ధరాత్రి శ్మశానం, సమాధుల మీద పిల్లుల కొట్లాట, ఆపైన నాలుగు అస్థిపంజరాలు లేచి కోడి కూసేదాకా ఆడతాయి. అందరూ వాల్ట్ డిస్నీ పేరే చెప్తారు. నేనైతే అబ్ ఐవర్క్స్‌ది అంటాను. దాదాపు మొత్తం ఆయనొక్కడే గీశాడు. ముఖ్యమైన భంగిమలు గీసి మధ్యవి అసిస్టెంట్లకు వదిలెయ్యమని వాల్ట్ చెప్పినా వినలేదు.

తబలామోత:
అన్నా, నేనొప్పుకోను. అస్థిపంజరాల ఆలోచనే దీనికి సంగీతం కూర్చిన కార్ల్ స్టాలింగ్‌ది, కాన్సస్ సిటీలో మూకీ సినిమాలకు ఆర్గన్ వాయించిన మనిషి. మిక్కీ కార్టూన్లలో బొమ్మ ఎటు పోతే సంగీతం అటు పోవాలి. ఆయనకది నచ్చలేదు, వాల్ట్‌తో వాదించాడు, ఆ గొడవలోంచే సంగీతం ముందు నడిచే ఈ వరస పుట్టింది. ఒక అస్థిపంజరం ఇంకోదాని వెన్నెముకని జైలోఫోన్‌లా వాయించే చోటు చూడు, దెబ్బకీ స్వరానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. గ్రీగ్ స్వరపరిచిన 'మార్చ్ ఆఫ్ ద ట్రోల్స్'ని అందులో ఎంత బాగా కలిపాడో!

బొమ్మలపిచ్చి:
మీరిద్దరూ వాల్ట్‌ని పూర్తిగా పక్కన పెట్టేశారు, అది అన్యాయం. మిక్కీ బాగా ఆడుతున్నప్పుడు కథా లేని, హీరో లేని శ్మశానం బొమ్మ మీద డబ్బు పెట్టడం చిన్న విషయమా? కొనేవాళ్ళు వెనకాడితే లాస్ ఏంజెలెస్‌లో కార్తే సర్కిల్ థియేటర్‌లో ఆడించి నిలబెట్టుకున్నాడు.

రీలుపెట్టె:
ధైర్యం వాల్ట్‌దే, కాదనను. కానీ 1930 మొదట్లో ఐవర్క్స్, స్టాలింగ్ ఇద్దరూ ఆయన్ని వదిలి వెళ్ళిపోయారు కదండీ, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది, నా బాధ అదీ.

తబలామోత:
ఒకసారి సౌండ్ తీసేసి చూడన్నా.

రీలుపెట్టె:
చూశాను. నువ్వన్నది సగం నిజమే తమ్ముడూ, పాట వినపడకపోతే అవే అడుగులు మళ్ళీ మళ్ళీ వాడారని ఇట్టే తెలిసిపోతోంది, పాటతో చూసినప్పుడు నాకెప్పుడూ ఆ సంగతి తట్టలేదు. కానీ అస్థిపంజరం నోరు తెరుచుకుని తెర నిండా మన మీదికి వచ్చే చోట, చప్పుడేమీ లేకపోయినా, మావాడు వెనక్కి జరిగి నా చెయ్యి పట్టుకున్నాడు.